హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్

హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్ (ఆగష్టు 20, 1890 - మార్చి 15, 1937) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన కథా రచయిత. భయానక కథలను వైజ్ఞానిక కల్పనతో మేళవించి రాసినవారిలో ఇతడు ముఖ్యుడు. ఇతడు సృష్టించిన దేవతలు, గ్రంథాలు, ఊళ్ళు మిత్రుల కథలలోకి, మిత్రులు సృష్టించినవి ఇతని కథలలోకి ప్రవేశించి ఒక ఉమ్మడి కథాలోకంగా ఏర్పడ్డాయి. ఈ కథాలోకానికి తరువాతి కాలంలో కథూలూ పురాణం అనే పేరు వచ్చింది. జీవితంలో ఎక్కువ భాగం పేదరికంలో, పెద్దగా పేరు లేకుండా గడిపిన లవ్‌క్రాఫ్ట్ రచనలు మరుగున పడకుండా నిలవడానికి ఈ ఉమ్మడి లోకం ఒక ప్రధాన కారణం. ఒకే ఊహాలోకంలోకి పలువురు తమ తమ పాత్రలను తీసుకువచ్చే నేటి పాత్రధారణ ఆటలకు లవ్‌క్రాఫ్ట్ మిత్రబృందాన్ని పూర్వరూపంగా చెప్పుకోవచ్చు.

బాల్యం, విద్యాభ్యాసం

లవ్‌క్రాఫ్ట్ రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో జన్మించాడు. తండ్రి విన్‌ఫీల్డ్ స్కాట్ లవ్‌క్రాఫ్ట్ ఒక వెండి వస్తువుల సంస్థ తరఫున ఊరూరా తిరిగే అమ్మకాల ప్రతినిధి. తల్లి సారా సూసన్ ఫిలిప్స్. 1893లో షికాగోలో ఉండగా తండ్రికి మతి చలించింది. అతనిని ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆసుపత్రిలో చేర్చారు. అతడు 1898లో అక్కడే మరణించాడు. ఆ తరువాత బాలుని పెంపకం తల్లి, ఇద్దరు పిన్ని పెద్దమ్మలు, మాతామహుడు విప్పుల్ వాన్ బ్యూరెన్ ఫిలిప్స్ చేతులలో జరిగింది. తాతగారు ధనవంతుడైన వ్యాపారి. ఆయన మనుమడికి భయం గొలిపే కథలు చెప్పేవాడు. ఇంట్లో పెద్ద గ్రంథాలయం ఉండేది.

సుమారు ఐదేళ్ళ వయసులో అరేబియన్ నైట్స్ కథలు చదివి, ఆ ఉత్సాహంలో అబ్దుల్ అల్‌హజ్రెడ్ అనే పేరు పెట్టుకొని ఆడుకునేవాడు. ఆటకోసం పెట్టుకున్న ఈ పేరు పెద్దయ్యాక రాసిన కథలలో ఒక పాత్రగా మారింది. నెక్రోనమికాన్ అనే ఊహా గ్రంథాన్ని రచించిన అరబ్బు కవి పేరు ఇదే.

1904లో తాతగారు మరణించడంతో కుటుంబం ఆస్తిని, పెద్ద ఇంటిని కోల్పోయింది. లవ్‌క్రాఫ్ట్‌కు చిన్నతనం నుండి ఖగోళశాస్త్రంపై మక్కువ ఎక్కువ. 1903 నుండి స్వయంగా ఒక చిన్న ఖగోళశాస్త్ర పత్రికను తయారుచేసి పంచేవాడు. 1906 నుండి స్థానిక పత్రికలలో ఆ విషయంపై వ్యాసాలు రాశాడు. కాని గణితం కొరకరాని కొయ్య కావడంతో ఖగోళ శాస్త్రవేత్త కావాలనే ఆశ నెరవేరలేదు. 1908లో నరాల బలహీనతకు గురై, హైస్కూలు చదువు పూర్తికాకుండానే బడి మానేశాడు. తరువాత ఐదేళ్ళపాటు దాదాపుగా ఇల్లు కదలలేదు.

ఔత్సాహిక పత్రికలు

1913లో ఆర్గొసీ పత్రికలో వచ్చే ప్రేమకథలను విమర్శిస్తూ ఇతడు రాసిన ఉత్తరం పాఠకుల మధ్య పద్యరూపంలో పెద్ద వాదానికి దారితీసింది. ఈ వాదం ఔత్సాహిక పత్రికా రచయితల సంఘంవారి దృష్టిలో పడింది. వారి ఆహ్వానంపై 1914లో లవ్‌క్రాఫ్ట్ ఆ సంఘంలో చేరాడు. ఈ సంఘ సభ్యులు లాభాపేక్ష లేకుండా సొంత ఖర్చుతో చిన్న పత్రికలు అచ్చువేసి ఒకరికొకరు పంపుకునేవారు. లవ్‌క్రాఫ్ట్ కూడా 1915 నుండి ది కన్సర్వేటివ్ అనే పత్రికను నడిపాడు. 1917లో సంఘ అధ్యక్షుడయ్యాడు. ఒంటరిగా ఉంటూ వచ్చిన ఇతనికి దూరప్రాంతాల మిత్రులు ఏర్పడింది ఇక్కడే. జీవితకాలంలో ఇతడు సుమారు లక్ష ఉత్తరాలు రాసి ఉంటాడని ఒక అంచనా.

1917లో రాసిన ది టూమ్, డాగన్ కథలతో తిరిగి కథారచన ప్రారంభించాడు. 1923లో స్థాపించబడిన వియర్డ్ టేల్స్ అనే మాసపత్రిక ఇతని కథలకు ప్రధాన వేదిక అయింది. జీవనోపాధికి ఇతరుల రచనలను దిద్దడం, వారి పేరుతో కథలు రాసిపెట్టడం చేసేవాడు. ప్రసిద్ధ ఇంద్రజాలికుడు హ్యారీ హూడినీ పేరుతో 1924లో వెలువడిన ఈజిప్టు కథ ఇతడు రాసినదే.

వివాహం, న్యూయార్క్ జీవితం

తల్లి 1921లో మరణించింది. 1924 మార్చి 3న న్యూయార్క్‌లో సోనియా గ్రీన్‌ను వివాహమాడాడు. ఆమె ఉక్రెయిన్ ప్రాంతంలో పుట్టి అమెరికాకు వచ్చిన యూదు మహిళ. టోపీల వ్యాపారంలో అనుభవం కలది. పెళ్ళయిన కొద్ది కాలానికే ఆమె సొంత టోపీల దుకాణం దెబ్బతిన్నది. ఉద్యోగం కోసం ఆమె వేరే నగరానికి వెళ్ళవలసి వచ్చింది. లవ్‌క్రాఫ్ట్‌కు ఉద్యోగం దొరకలేదు. బ్రూక్లిన్‌లో ఒక చిన్న గదిలో ఒంటరిగా ఉంటుండగా 1925లో దొంగలు పడి బట్టలు కూడా ఎత్తుకుపోయారు. 1926 ఏప్రిల్‌లో ప్రావిడెన్స్‌కు తిరిగి వచ్చాడు. దంపతులు మళ్ళీ కలిసి జీవించలేదు.

ప్రధాన రచనలు

ప్రావిడెన్స్‌కు తిరిగివచ్చిన తరువాతి పదేళ్ళలోనే ఇతని ముఖ్య రచనలన్నీ వెలువడ్డాయి. 1926లో రాసిన ది కాల్ ఆఫ్ కథూలూ కథను వియర్డ్ టేల్స్ సంపాదకుడు మొదట తిరస్కరించి, తరువాత 1928 ఫిబ్రవరి సంచికలో ప్రచురించాడు. నక్షత్రాల నుండి వచ్చి సముద్ర గర్భంలో నిద్రిస్తున్న కథూలూ అనే మహాకాయం ఈ కథకు కేంద్రం. మరణించిన ఒక ఆచార్యుని కాగితాలు అతని తోబుట్టువు మనుమడి చేతికి రావడంతో కథ మొదలవుతుంది. ఆ కాగితాల ద్వారా ఒక శిల్పి, ఒక పోలీసు అధికారి, ఒక నావికుడు ఒకరి తరువాత ఒకరు కథలోకి వస్తారు. ఒక్కొక్కరికి తెలిసింది కొంతే. అన్నీ కలిపి చూసినవానికి మాత్రమే పూర్తి భయం అర్థమవుతుంది.

1927లో ది కలర్ ఔట్ ఆఫ్ స్పేస్ కథ తొలి వైజ్ఞానిక కల్పనా పత్రికగా పేరొందిన అమేజింగ్ స్టోరీస్‌లో వచ్చింది. దానికి ఇతనికి దక్కిన పారితోషికం 25 డాలర్లు. అంటార్కిటికా నేపథ్యంలో 1931లో రాసిన ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్ అనే చిన్న నవలను వియర్డ్ టేల్స్ తిరస్కరించింది. అది చివరకు 1936లో అస్టౌండింగ్ స్టోరీస్‌లో ధారావాహికగా వచ్చింది. అదే ఏడాది ది షాడో ఔట్ ఆఫ్ టైమ్ కూడా ఆ పత్రికలోనే వెలువడింది. విశ్వంలో మానవునికి ఎటువంటి ప్రాముఖ్యమూ లేదనే భావన ఈ రచనలన్నింటిలో కనిపిస్తుంది. ఇతని కథలలోని దేవతలు మనుషులను ద్వేషించరు, ప్రేమించరు, అసలు పట్టించుకోరు.

ఉమ్మడి కథాలోకం

లవ్‌క్రాఫ్ట్ తన సృష్టిని మిత్రులు వాడుకుంటే అభ్యంతరపెట్టలేదు. పైగా ప్రోత్సహించాడు. వారి సృష్టిని తానూ వాడుకున్నాడు. ఇందుకు రాతపూర్వకమైన నియమాలేవీ లేవు. కొత్తగా వచ్చే రచయిత ఒక దేవతనో, ఒక నిషిద్ధ గ్రంథాన్నో, ఒక పండితుని పాత్రనో వెంట తెచ్చేవాడు. ఆ పేరును అప్పటికే పాఠకులకు తెలిసిన పేర్ల మధ్య, ఎప్పటినుండో ఉన్నదానివలె ప్రస్తావించేవారు. ప్రత్యేకమైన పరిచయం ఉండేది కాదు.

ఫ్రాంక్ బెల్‌నాప్ లాంగ్ 1928లో ప్రచురించిన ది స్పేస్ ఈటర్స్ కథలో లవ్‌క్రాఫ్ట్‌నే పోలిన హోవర్డ్ అనే రచయిత పాత్రను ప్రవేశపెట్టాడు. కాలిఫోర్నియాకు చెందిన కవి, కథకుడు క్లార్క్ ఆష్టన్ స్మిత్ సథోగ్వా అనే దేవతను సృష్టించాడు. ఆ కథ రాతప్రతిని చదివిన లవ్‌క్రాఫ్ట్, 1931 ఆగష్టులో వచ్చిన ది విస్పరర్ ఇన్ డార్క్‌నెస్ కథలో సథోగ్వాను ప్రస్తావించాడు. స్మిత్ కథ అచ్చయినది అదే ఏడాది నవంబరులో. ఆ విధంగా సథోగ్వా పేరు సృష్టికర్త కథకంటే ముందే మిత్రుని కథ ద్వారా పాఠకులకు చేరింది. అదే కథలో స్మిత్ పేరును కొద్దిగా మార్చి క్లార్కాష్-టాన్ అనే పురాతన పూజారిగా చూపించాడు. కోనన్ పాత్ర సృష్టికర్త అయిన టెక్సాస్ రచయిత రాబర్ట్ ఇ. హోవర్డ్, ఫాన్ యుంట్స్ అనే జర్మన్ పండితుని, అతడు రాసిన నిషిద్ధ గ్రంథాన్ని ఈ లోకానికి చేర్చాడు.

ఇతరుల పేరుతో రాసిపెట్టిన కథలలో కూడా లవ్‌క్రాఫ్ట్ ఇవే పేర్లను చొప్పించాడు. వేర్వేరు రచయితల కథలలో ఒకే దేవతలు, ఒకే గ్రంథాలు కనిపించడంతో ఇదంతా నిజంగా ఉన్న పురాణమేనని కొందరు పాఠకులు నమ్మారు. నెక్రోనమికాన్ ఎక్కడ దొరుకుతుందని అడిగినవారికి అది కల్పితమేనని లవ్‌క్రాఫ్ట్ దాపరికం లేకుండా చెప్పేవాడు.

బ్లాక్‌తో కథల సంవాదం

మిల్వాకీ నగరానికి చెందిన రాబర్ట్ బ్లాక్ 1933లో బడి విద్యార్థిగా ఉండగా లవ్‌క్రాఫ్ట్‌కు ఉత్తరం రాశాడు. పెద్ద రచయితగా కాక సాటి మిత్రునిగా లవ్‌క్రాఫ్ట్ అతని కథలను చదివి సలహాలిచ్చాడు. ప్రావిడెన్స్‌లో నివసించే, లవ్‌క్రాఫ్ట్‌ను పోలిన ఒక పాత్రను తన కథలో చంపడానికి బ్లాక్ అనుమతి కోరగా, లవ్‌క్రాఫ్ట్ సరదాగా తన ఊహాపాత్రల సాక్షి సంతకాలతో అనుమతిపత్రం రాసి పంపాడు. ఆ కథ ది షాంబ్లర్ ఫ్రమ్ ది స్టార్స్ పేరుతో 1935లో వచ్చింది.

దానికి బదులుగా లవ్‌క్రాఫ్ట్ ది హాంటర్ ఆఫ్ ది డార్క్ కథ రాసి బ్లాక్‌కు అంకితమిచ్చాడు. అందులో మిల్వాకీ నుండి ప్రావిడెన్స్‌కు వచ్చిన రాబర్ట్ బ్లేక్ అనే యువ రచయిత ఒక తుఫాను రాత్రి కిటికీ వైపు చూస్తూ మరణిస్తాడు. 1936 డిసెంబరులో వచ్చిన ఈ కథ లవ్‌క్రాఫ్ట్ స్వతంత్రంగా రాసిన చివరి కథలలో ఒకటి. తరువాత బ్లాక్ 1950లో మూడవ కథ రాసి ఈ సంవాదాన్ని ముగించాడు. అప్పటికి లవ్‌క్రాఫ్ట్ మరణించి పదమూడేళ్ళయింది. హిచ్‌కాక్ సినిమాగా తీసిన సైకో నవల రచయిత ఈ బ్లాకే.

గొలుసుకథ

1935 సెప్టెంబరులో ఫాంటసీ మ్యాగజైన్ అనే పత్రిక కోసం ఐదుగురు రచయితలు కలిసి ది చాలెంజ్ ఫ్రమ్ బియాండ్ అనే గొలుసుకథ రాశారు. సి.ఎల్. మూర్, ఏ. మెరిట్, లవ్‌క్రాఫ్ట్, రాబర్ట్ ఇ. హోవర్డ్, ఫ్రాంక్ బెల్‌నాప్ లాంగ్ వరుసగా ఒక్కొక్క భాగం రాశారు. లవ్‌క్రాఫ్ట్ తన భాగంలో కథానాయకుని మనసు మరో గ్రహానికి చెందిన పురుగువంటి జీవి దేహంలోకి మారినట్లు చేసి అతనిని భయంతో ముంచెత్తాడు. తరువాత రాసిన హోవర్డ్ అదే నాయకుడు ఆ కొత్త దేహాన్ని ఆనందంగా స్వీకరించి, ఆ లోకాన్ని జయించడానికి బయలుదేరినట్లు మార్చాడు. ఒకే పాత్ర చేతులు మారితే ఎంతగా మారుతుందో ఈ కథ చూపిస్తుంది.

చివరి రోజులు

1936 జూన్‌లో హోవర్డ్ ఆత్మహత్య చేసుకోవడం లవ్‌క్రాఫ్ట్‌ను కలచివేసింది. ఇతని జీవితకాలంలో పుస్తకరూపంలో వెలువడిన కథ ది షాడో ఓవర్ ఇన్స్‌మత్ ఒక్కటే. 1936లో వచ్చిన ఆ పుస్తకం సుమారు 200 ప్రతులు మాత్రమే పాఠకులకు చేరాయి. 1937 మార్చి 15న చిన్నప్రేవు క్యాన్సరుతో ప్రావిడెన్స్‌లోని ఆసుపత్రిలో 46 ఏళ్ళ వయసులో మరణించాడు. స్వాన్ పాయింట్ శ్మశానవాటికలో కుటుంబ స్థలంలో ఖననం చేశారు. విడిగా సమాధి ఫలకం కూడా లేకపోవడంతో 1977లో అభిమానులు చందాలు వేసుకొని ఏర్పాటు చేశారు.

మరణానంతరం

లవ్‌క్రాఫ్ట్ తన సాహిత్య బాధ్యతలను ఆర్.హెచ్. బార్లో అనే పద్దెనిమిదేళ్ళ మిత్రునికి అప్పగించాడు. బార్లో రాతప్రతులను బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని జాన్ హే గ్రంథాలయానికి చేర్చి కాపాడాడు. మిత్రులు ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రీ 1939లో ఆర్కమ్ హౌస్ అనే ప్రచురణ సంస్థను స్థాపించి ఇతని కథలను పుస్తకాలుగా తెచ్చారు.

కథూలూ పురాణం అనే పేరు డెర్లెత్ ప్రచారంలోకి తెచ్చినదే. అయితే అతడు తన సొంత కథలలో ఈ లోకాన్ని మంచి దేవతలకు, చెడ్డ దేవతలకు మధ్య యుద్ధంగా మార్చాడు. మానవుని పట్టించుకోని విశ్వం అనే లవ్‌క్రాఫ్ట్ మూలభావానికి ఇది విరుద్ధమని తరువాతి విమర్శకులు అభిప్రాయపడ్డారు. వీరిలో ముఖ్యుడు పూణెలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఎస్.టి. జోషి. ఇతడు మూల పాఠాలను పరిష్కరించి, 1996లో లవ్‌క్రాఫ్ట్ సమగ్ర జీవితచరిత్ర ప్రచురించాడు.

పాత్రధారణ ఆట

1981లో కేయోసియమ్ సంస్థ శాండీ పీటర్సన్ రూపొందించిన కాల్ ఆఫ్ కథూలూ అనే పాత్రధారణ ఆటను విడుదల చేసింది. ఇందులో ప్రతి ఆటగాడు ఒక పరిశోధకుని పాత్రను తయారుచేసుకుంటాడు. ఆ పాత్ర ఆచార్యుడు, విలేఖరి, వైద్యుడు వంటి సామాన్యుడే కాని వీరుడు కాదు. శరీర బలంతోపాటు మానసిక స్థిమితానికి కూడా అంకెలు ఉంటాయి. రహస్యాలు తెలిసేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. పాత్ర మరణించినా, మతి తప్పినా ఆటగాడు కొత్త పాత్రతో తిరిగి రావాలి. చనిపోయినవాని డైరీ దొరికిన బంధువుగానో, ఉత్తరం అందుకున్న మిత్రునిగానో కొత్త పాత్రను ప్రవేశపెట్టవచ్చు. ఇది ది కాల్ ఆఫ్ కథూలూ కథ నడిచిన పద్ధతే. అంతర్జాలం వ్యాపించిన తరువాత వేర్వేరు దేశాలవారు కలిసి ఈ ఆటను ఆడుతున్నారు.

విమర్శలు

లవ్‌క్రాఫ్ట్ ఉత్తరాలలోను, ది హారర్ ఎట్ రెడ్ హుక్ వంటి కథలలోను నల్లజాతివారిపట్ల, వలస వచ్చినవారిపట్ల తీవ్రమైన జాతిద్వేషం కనిపిస్తుంది. ఈ కారణంగా వచ్చిన నిరసనల ఫలితంగా, 1975 నుండి వరల్డ్ ఫాంటసీ పురస్కారంగా ఇస్తూ వచ్చిన ఇతని శిరోప్రతిమను నిలిపివేస్తున్నట్లు 2015లో ప్రకటించారు. మరుసటి ఏడాది విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత రెడ్ హుక్ కథలోకి టామీ టెస్టర్ అనే నల్లజాతి యువకుని ప్రవేశపెట్టి, అదే కథను అతని వైపు నుండి ది బల్లాడ్ ఆఫ్ బ్లాక్ టామ్ పేరుతో తిరిగి రాశాడు. లవ్‌క్రాఫ్ట్ తన కథలలో మనుషులుగా గుర్తించనివారు కూడా ఆ విధంగా ఈ ఉమ్మడి లోకంలో పాత్రలుగా స్థానం పొందారు.