ఒక్క మంచిమాట: ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) జీవితం నేర్పే పాఠం

పుణ్యకార్యం అనగానే మన మనసు పెద్ద పెద్ద దానాల వైపు పోతుంది. మస్జిదు కట్టించటం, బావి తవ్వించటం, అనాథలను చేరదీయటం... ఇవన్నీ నిస్సందేహంగా గొప్ప పనులే. కాని ఏ చిన్న మేలునూ తక్కువగా చూడవద్దని, సాటి సోదరుణ్ణి నవ్వు ముఖంతో కలుసుకోవటం కూడా మేలేనని దైవప్రవక్త (స) బోధించారు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడని హెచ్చరించారు. ఈ రెండు బోధనలూ ఒక మనిషి జీవితంలో ఎలా ఫలించాయో చూడాలంటే ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) చరిత్ర చదవాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అత్యధిక ముస్లిం కుటుంబాలు వుజూ మొదలుకొని తలాఖ్, వారసత్వ సమస్యల దాకా హనఫీ ఫిఖహ్ ప్రకారమే నడుచుకుంటాయి. ఆ ఫిఖహ్‌కు మూలపురుషుడైన ఇమామ్‌గారి పాండిత్యం గురించి అందరూ వింటూనే ఉంటారు. ఆ పాండిత్యానికి దారితీసిన ఒక పలకరింపు గురించి, దాన్ని తరువాతి తరానికి చేర్చిన ఒక చిన్న డబ్బు సంచి గురించి వినేది తక్కువ.

బజారుకు వెళ్ళే యువకుడు

ఇమామ్ అబూ హనీఫా అసలు పేరు నూమాన్. తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80లో (క్రీ.శ. 699) కూఫా నగరంలో జన్మించారు. ఇంట్లో పట్టుబట్టల వ్యాపారం ఉంది. తెలివైన యువకుడు కావటాన నూమాన్ కూడా రోజూ బజారుకు వెళ్ళివస్తూ వ్యాపారంలో మునిగిపోయారు.

ఆ రోజుల్లో కూఫాలో ఇమామ్ షాబీ (రహ్మలై) అనే పెద్ద విద్వాంసులు ఉండేవారు. ఎందరో సహాబాలను చూసి, వారి నుంచి హదీసులు నేర్చుకున్న తాబయీ ఆయన. ఒకరోజు తన ముందు నుంచి వెళ్తున్న నూమాన్‌ను పిలిచి, ఎక్కడికి వెళ్తున్నావని అడిగారు. నూమాన్ ఒక వ్యాపారి పేరు చెప్పారు. బజారు సంగతి కాదు, ఏ పండితుని దగ్గరికి వెళ్తున్నావని తాను అడిగేదని షాబీ అన్నారు. వారి దగ్గరికి తాను వెళ్ళేది తక్కువేనని నూమాన్ ఒప్పుకున్నారు. అప్పుడు షాబీ ఆ యువకుణ్ణి మందలించలేదు. నీలో చురుకుదనం, మేల్కొన్న బుద్ధి నాకు కనిపిస్తున్నాయి, విద్యను నిర్లక్ష్యం చేయకు, పండితుల సాంగత్యంలో కూర్చో అని నచ్చజెప్పారు.

అంతే. ఆ మాట తన మనసులో నాటుకుపోయిందని, అప్పటి నుంచి బజారుకు రాకపోకలు తగ్గించి విద్య వైపు మళ్ళానని ఇమామ్‌గారే తరువాతి కాలంలో చెప్పుకున్నట్లు చరిత్ర గ్రంథాలు ఉల్లేఖించాయి. షాబీ ఆయనకు డబ్బు ఇవ్వలేదు, ప్రత్యేకంగా పాఠం చెప్పలేదు. దారిన పోయే ఒక కుర్రవాడిలోని మంచిని గుర్తించారు. గుర్తించినదాన్ని తనలో ఉంచుకోక అతని ముఖానే చెప్పారు.

గురువు పట్ల కృతజ్ఞత

నూమాన్ ఆ తరువాత హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) శిష్యరికంలో చేరారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) కూఫాలో నాటిన విద్య అల్ఖమా, ఇబ్రాహీమ్ నఖయీల ద్వారా హమ్మాద్‌కు చేరింది. కొత్త శిష్యుడు పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పటం చూసి, విద్యాసభలో తనకెదురుగా ముందు వరుసలో అబూ హనీఫా తప్ప మరొకరు కూర్చోరాదని హమ్మాద్ ఆదేశించారు. శిష్యుణ్ణి ప్రోత్సహించటమంటే ఇదే.

పదేళ్ళు గడిచాక శిష్యునికి తానూ వేరుగా ఒక విద్యాసభ పెట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది. ఆ ఉద్దేశంతోనే ఒక సాయంత్రం మస్జిదులోకి వచ్చారు. కాని గురువును చూడగానే మనసొప్పక మళ్ళీ ఆయన దగ్గరే కూర్చున్నారు. ఆ రాత్రే బస్రాలో బంధువొకరు మరణించినట్లు హమ్మాద్‌కు కబురు అందింది. ఆయన వెళ్తూ తన స్థానంలో అబూ హనీఫాను కూర్చోబెట్టి వెళ్ళారు. ఆ రెండు నెలల్లో గురువు నోట ఎన్నడూ వినని ప్రశ్నలు ఎన్నో వచ్చాయి. అబూ హనీఫా వాటికి సమాధానాలిస్తూ, ఆ సమాధానాలను రాసిపెట్టుకున్నారు. గురువు తిరిగి వచ్చాక ఆయన ముందుంచారు. అవి అరవై ప్రశ్నలు. నలభై సమాధానాలతో హమ్మాద్ ఏకీభవించారు, ఇరవైతో విభేదించారు.

ఆ నలభై చూసుకొని అబూ హనీఫా పొంగిపోలేదు. ఇరవై చూసుకొని కుంగిపోలేదు. గురువు బ్రతికున్నంత కాలం ఆయన్ని విడువరాదని నిర్ణయించుకున్నారు. హిజ్రీ 120లో హమ్మాద్ మరణించేదాకా, మొత్తం 18 ఏళ్ళు ఆ సాంగత్యం కొనసాగింది. గురువు మరణించాక ఆయన ఆసనంపై కూర్చున్నారు. కాని ఆయన్ని మరువలేదు. కుమారునికి హమ్మాద్ అనే పేరు పెట్టుకున్నారు. ప్రతి నమాజు తరువాత తల్లిదండ్రులతో పాటు గురువు మన్నింపు కోసం కూడా దుఆ చేసేవారు. గురువు ఇంటి వైపు కాళ్ళు చాపి కూర్చునేవారు కాదని కూడా రాశారు.

కుమారుడు హమ్మాద్ సూరె ఫాతిహా నేర్చుకున్నప్పుడు, నేర్పిన ఉపాధ్యాయునికి ఇమామ్‌గారు 500 దిర్‌హములు పంపారు. తాను చేసిన పనికి ఇంత మొత్తమా అని ఆ ఉపాధ్యాయుడు విస్తుపోయాడు. ఇమామ్‌గారు, మీరు నా బిడ్డకు నేర్పినదాన్ని చిన్నదిగా చూడకండి, ఇంతకంటే ఎక్కువ ఉంటే దివ్యఖుర్ఆన్ గౌరవార్థం అదీ ఇచ్చేవాడినని చెప్పారు.

మనసు నొప్పించని సాయం

ఇమామ్‌గారు వ్యాపారం పూర్తిగా మానలేదు. బగ్దాదుకు సరుకు పంపేవారు. ఏడాది పొడవునా వచ్చిన లాభాన్ని కూడబెట్టి, దానితో హదీసు పండితుల ఇళ్ళకు కావలసిన తిండిగింజలు, బట్టలు కొని పంపేవారు. మిగిలిన దీనార్లు కూడా వారికే ఇచ్చేవారు. ఇది తన సొమ్ము కాదని, మీ కోసం అల్లాహ్ తన చేతుల మీదుగా పంపినదని, కృతజ్ఞత ఆయనకే చెల్లించమని కోరేవారు. తాను పొందిన ప్రతి మేలుకూ కృతజ్ఞత చూపిన ఆ మనిషి, తాను చేసిన మేలుకు ఎవరి నుంచీ కృతజ్ఞత ఆశించలేదన్న మాట.

ఒకసారి సభలో మాసిన బట్టలతో కూర్చున్న ఒకతన్ని చూశారు. అందరి ముందూ ఏమీ అనలేదు. సభ ముగిసి జనం వెళ్ళిపోయేదాకా అతన్ని ఉండమన్నారు. తరువాత జానమాజు ఎత్తి చూడమన్నారు. కింద 1,000 దిర్‌హములు ఉన్నాయి. వాటితో మంచి బట్టలు కొనుక్కోమన్నారు. తాను కలిగినవాడినేనని, డబ్బు అవసరం లేదని అతను జవాబిచ్చాడు. అల్లాహ్ తన దాసునికి ఇచ్చిన అనుగ్రహపు ఛాయ అతనిపై కనిపించటాన్ని ఇష్టపడతాడన్న హదీసును ఇమామ్‌గారు గుర్తుచేశారు. నిన్ను చూసి నీ మిత్రుడు బాధపడకుండా ఉండాలంటే నీ స్థితి మార్చుకో అని సున్నితంగా చెప్పారు.

మరొకసారి దారిలో ఎదురైన ఒక వ్యక్తి ఆయన్ని చూసి పక్క సందులోకి తప్పుకున్నాడు. ఇమామ్‌గారు పిలిచి కారణం అడిగారు. 10,000 దిర్‌హముల బాకీ చాలాకాలంగా తీర్చలేక ముఖం చెల్లక తప్పుకున్నానని అతను చెప్పాడు. ఇమామ్‌గారు ఆ బాకీ మాఫీ చేశారు. అంతటితో ఆగలేదు. నన్ను చూసి నీ గుండెలో కలిగిన బెదురుకు నన్ను క్షమించమని అతన్నే వేడుకున్నారు!

గొంతు వినిపించని రాత్రి

ఇమామ్‌గారి పొరుగున చెప్పులు కుట్టే ఒక యువకుడు ఉండేవాడు. పగలంతా పని, రాత్రంతా తాగుడు. తనలాంటి యువకుణ్ణి జనం చేజేతులా పోగొట్టుకున్నారనే అర్థం వచ్చే పాటను మత్తులో గొంతెత్తి పాడేవాడు. ఇమామ్‌గారు తహజ్జుద్ నమాజులో నిలబడితే ఆ గొంతు గోడ అవతలి నుంచి వినిపించేది. ఒక రాత్రి వినిపించలేదు. మనమైతే పీడ వదిలిందని అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకునేవాళ్ళం! ఇమామ్‌గారు మాత్రం ఆ కుర్రవాడు ఏమయ్యాడని వాకబు చేశారు. గస్తీవాళ్ళు పట్టుకెళ్ళి జైల్లో పెట్టారని తెలిసింది.

ఫజ్ర్ నమాజు కాగానే ఇమామ్‌గారు స్వయంగా నగర పాలకుని దగ్గరికి వెళ్ళి, తన పొరుగువాని కోసం సిఫారసు చేశారు. అంతటి పండితుడు గడప తొక్కినందుకు గౌరవంగా పాలకుడు ఆ యువకుణ్ణే కాక, ఆ రాత్రి పట్టుకొచ్చిన వారందరినీ విడిచిపెట్టాడు. తిరుగు దారిలో ఇమామ్‌గారు ధర్మబోధ ఏమీ చేయలేదు. అతని పాటనే గుర్తుచేస్తూ, మేం నిన్ను పోగొట్టుకున్నామా నాయనా అని అడిగారు. లేదు, మీరు పొరుగు హక్కును కాపాడారని అతను కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తౌబా చేసి మళ్ళీ తాగుడు జోలికి పోలేదని ఉల్లేఖనం.

నూరు దిర్‌హముల సంచి

ఇమామ్‌గారి శిష్యుల్లో యాఖూబ్ అనే పేద యువకుడు ఉన్నాడు. ఒకరోజు అతని తండ్రి పాఠం మధ్యలోనే వచ్చి లేపుకుపోయాడు. అబూ హనీఫా కలిగినవారు, ఆయనతో పోటీగా నువ్వు రోజంతా కూర్చుంటే ఎలా, మనకు పూట గడవాలి కదా అన్నాడు. ఆ తండ్రి మాటలో తప్పేమీ లేదు. యాఖూబ్ చదువు తగ్గించి పనిలో పడ్డాడు.

సభలో ఒక చోటు ఖాళీగా ఉంది. గురువు గమనించి అతని గురించి విచారించారు. మళ్ళీ కనిపించిన రోజున ఎందుకు రాలేదని అడిగారు. బ్రతుకుతెరువు, తండ్రి ఆజ్ఞ అని యాఖూబ్ చెప్పాడు. అందరూ వెళ్ళాక గురువు అతని చేతిలో ఒక సంచి పెట్టారు. అందులో 100 దిర్‌హములు ఉన్నాయి. చదువు మానవద్దని, ఇవి అయిపోతే చెప్పమని అన్నారు. కొన్నాళ్ళకు, యాఖూబ్ నోరు తెరవకముందే మరో నూరు ఇచ్చారు. డబ్బు ఎప్పుడు అయిపోయేదో ఆయనకు ఎవరో చెబుతున్నట్టే ఉండేదని, తాను ఎన్నడూ అడగవలసిన అవసరం రాలేదని ఆ శిష్యుడు తరువాత గుర్తుచేసుకున్నాడు.

ఆ యాఖూబే ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై). మదరసాలో హిదాయా చదివినవారికి ఆయన పేరు రాని రోజు ఉండదు. ఫిఖహ్ గ్రంథాల్లో గురుశిష్యులిద్దరినీ కలిపి షైఖైన్ అంటారు. అనేక సమస్యల్లో శిష్యుడు గురువుతో విభేదించాడు. ఆ భేదాభిప్రాయాలు ఈనాటికీ ఆ గ్రంథాల్లో పక్కపక్కనే ఉన్నాయి. ఇరవై సమాధానాల్లో తనతో విభేదించిన గురువు దగ్గర పెరిగిన మనిషి, తనతో విభేదించే శిష్యుణ్ణి దగ్గరకు తీసుకున్నారు.

గురువు చూడని ఫలం

ఖలీఫా మన్సూర్ ఇమామ్‌గారిని బగ్దాదుకు పిలిపించి ఖాజీ పదవి స్వీకరించమని ఒత్తిడి చేశాడు. ఇమామ్‌గారు నిరాకరించారు. ఖలీఫా ఆయన్ని ఖైదు చేయించాడు. హిజ్రీ 150లో (క్రీ.శ. 767) ఆయన బగ్దాదులోనే కన్నుమూశారు. జనాజా నమాజు కోసం జనం విరగబడి వచ్చారు. ఖైజురాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆయన పేరు మీదే ఆ ప్రాంతాన్ని ఇప్పుడు ఆజమియ్యా అంటున్నారు.

నూరు దిర్‌హముల శిష్యుడు ఏమయ్యాడో ఆయన చూడలేదు. అబూ యూసుఫ్ మన్సూర్ కుమారుడైన మహ్దీ కాలంలో, ఆ తరువాత మనుమలు హాదీ, హారూన్ రషీద్‌ల కాలంలో ఖాజీగా ఉన్నారు. ఇస్లామీయ చరిత్రలో ప్రధాన న్యాయమూర్తి, అంటే ఖాజీ అల్ ఖుజాత్ బిరుదు పొందిన మొదటి వ్యక్తి ఆయనే. హారూన్ రషీద్ కోసం ఆయన పన్నుల విధానంపై కితాబుల్ ఖరాజ్ రాశారు. అందులో ఖైదీల గురించి కూడా ప్రస్తావించారు. ఖైదీలను సంకెళ్ళతో వీధుల్లో బిచ్చమెత్తుకోవటానికి పంపరాదని, వారి తిండికి నెలనెలా బైతుల్‌మాల్ నుంచి డబ్బు ఇవ్వాలని, చలికాలానికీ వేసవికీ తగిన బట్టలు ఇవ్వాలని, దిక్కులేని ఖైదీ మరణిస్తే ప్రభుత్వ ఖర్చుతో కఫన్ దఫన్ జరపాలని ఖలీఫాకు సలహా ఇచ్చారు. ఏ ఖలీఫా వంశం గురువును ఖైదు చేసిందో ఆ వంశపు పాలకునికే ఖైదీల హక్కులు బోధించే స్థానంలో అల్లాహ్ ఆ శిష్యుణ్ణి నిలబెట్టాడు. అబూ యూసుఫ్ (రహ్మలై) హిజ్రీ 182లో (క్రీ.శ. 798) మరణించారు. ఆయన తన దుఆలో తల్లిదండ్రుల కంటే ముందు గురువును తలచుకునేవారని రాశారు.

మన ఇళ్ళలో...

సోదర సోదరీమణులారా! షాబీ ఒక మాట అన్నారు. హమ్మాద్ ఒక చోటు ఇచ్చారు. అబూ హనీఫా ఒక ఖాళీని గమనించారు. ఇందులో మనకు చేతకానిది ఏముంది? మక్తబ్‌లో మన పిల్లలకు అలిఫ్, బే నేర్పే ఉస్తాదుకు నెల జీతం ఇచ్చి చేతులు దులుపుకుంటున్నాం. ఒకసారి ఇంటికి పిలిచి, పిల్లవాడి చేత సూరె ఫాతిహా చదివించి, ఇది మీ చలవే అని చెప్పామా? మన దుకాణంలో పనిచేసే కుర్రవాడి తెలివిని అతని ముఖాన ఎన్నడైనా మెచ్చుకున్నామా? చదువు మధ్యలో మానేసి పనికి వెళ్తున్న బంధువుల పిల్లవాణ్ణి కారణం అడిగామా? వరుసగా నాలుగు జుమాలు మస్జిదులో కనిపించని మనిషి కోసం అతని తలుపు తట్టామా? ఇంట్లో రోజూ రొట్టె చేసిపెట్టే ఇల్లాలికి జజాకల్లాహ్ చెప్పటానికి మనకు అయ్యే ఖర్చు ఎంత?

ఫలితం మన కళ్ళతో చూడగలమో లేదో మనకు తెలియదు. ఇమామ్‌గారు చూడలేదు. చూసేవాడు, లెక్క తప్పనివాడు అల్లాహ్ ఒక్కడే. చిన్న మేలునైనా తేలికగా తీసుకోక, అందుకున్న మేలును మరువక జీవించే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.