దారి పొడవునా చెన్నమల్లికార్జునుడు

శరణుల లోకమున అక్క అనిన మహాదేవియక్కయే. 12వ శతాబ్దమున, నేటి కర్ణాటకమందలి శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోని ఉడుతడి గ్రామమున, శివభక్తులైన దంపతులకు ఆమె జన్మించెను. ఆ నేలనేలిన కౌశికుడు ఆమె సౌందర్యమును చూచి మోహపడెను. కొన్ని నియమముల మీద వివాహము జరిగినదనియు, రాజు వానిని తప్పగా ఆమె విడిచి వెడలినదనియు హరిహరకవి తన రగడలో చెప్పెను. వివాహమే జరుగలేదని 15వ శతాబ్దమునాటి చామరసుడు ప్రభులింగలీలలో వ్రాసెను. పండితులు దీనిని గూర్చి చాల చర్చించిరి. ఏది నిజమైనను ఆమె విడిచినవి అవియే: రాచనగరు, పుట్టినిల్లు, తుదకు కట్టుబట్ట. కేశములే ఆమెకు ఆచ్ఛాదనమాయెను.

అటుపిమ్మట ఆమె కళ్యాణమునకు నడచెను. వానలు విస్తారముగ కురియు మలెనాడు నుండి ఎండలు మెండైన బీదరు పీఠభూమి వరకు, ఒంటరి యువతి. చేతిలో ఇష్టలింగము తప్ప మరేమియు లేదు. ఇట్టి ప్రయాణమును తలచునపుడు భక్తుల మనస్సు అద్భుతములను వెదకును. ఆమె వచనములలో కనబడునవి వేరు. ఆకలివేళ ఊరివారు పెట్టిన అన్నము, దప్పికవేళ చెరువు నీరు, రాత్రి తల వాల్చుటకు పాడువడిన గుడి. వీనినే ఆమె తనకు కలిగిన సంపదగా చెప్పుకొనెను. ఎండిన నేలలో ఊరి చెరువు ఎంతటి అండయో కరవు నెరిగిన మన తెలుగు సీమలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ చెరువును ఎవరో త్రవ్విరి. ఆ గుడిని ఎవరో కట్టిరి. ఆ అన్నమును ఏ ఇల్లాలో వండినది. ఆ చేతులన్నిటి వెనుకను ఆమెకు ఒక్క చెన్నమల్లికార్జునుడే కనబడెను. పెట్టువాడు తాను పెట్టుచున్నానని తలపరాదని బసవేశ్వరుడు కళ్యాణమున దాసోహమను పేర నేర్పినదియు ఇదియే కదా!

వీరశైవాచారమున భక్తుడు దేనిని స్వీకరించినను ముందుగ లింగమునకు అర్పించి ప్రసాదముగ గ్రహించును. నిండిన పళ్లెము ముందు కూర్చున్నవారికి ఈ నియమము సులభము. రేపటికి ఏమియు లేనివారికి అట్లు కాదు. ఏ ఇంటి నుండి వచ్చునో, అసలు వచ్చునో రాదో తెలియని ముద్దను అరచేతి లింగమునకు చూపించునపుడు, దానిని చూడక మ్రింగుట సాధ్యము కాదు.

ఇంతటితో ఊరకుండిన ఆమెను సగమే తెలిసికొన్నట్లగును. వేరొక వచనమున ఆమె స్వామిని కోరిన కోరిక వినువారికి భయము గొల్పును. చాచిన చేతికి భిక్ష దక్కనీయవలదనియు, దక్కినను నోటికి చేరనీయవలదనియు ఆమె ప్రార్థించెను. ముద్ద దొరకిన దినమున దయను కనుగొనుట ఎవరికైనను కష్టము కాదు. దొరకని దినమున కూడ ఆ దయ తనకు కనబడునా అని అక్క తన్ను తానే పరీక్షించుకొనినట్లున్నది. ఆకలి ఎట్టిదో తెలియక పలికిన మాట కాదది.

కళ్యాణమున అల్లమప్రభువు ఆమెను సులభముగ విడువలేదు. దేహాభిమానము పోయిన తరువాత కేశములతో ఒడలు కప్పుకొనుట ఏల యని అనుభవమంటపమున ప్రశ్నించెను. తన కొరకు కాదు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకే యను భావముతో ఆమె బదులిచ్చెను. తన్ను కాచుచున్నవాడు ఒకడు కలడని నమ్మినదే యైనను, ఎదుటివారిని కాచుటను ఆమె మరువలేదు. వయసున చిన్నదైనను శరణులందరు ఆమెను అక్కగా అంగీకరించిరి.

కళ్యాణము నుండి ఆమె శ్రీశైలమునకు సాగెను. తాను చిరకాలము పేరు పెట్టి పిలిచిన మల్లికార్జునుని కొండ అది. నల్లమల అడవిలో చిలుకలను, కోయిలలను, తుమ్మెదలను, నెమళ్లను తన స్వామిని చూచితిరా యని ఆమె అడిగిన వచనము ప్రసిద్ధము. అక్కడి కదళీవనమున ఆమె లింగైక్యము నొందినదని సంప్రదాయము.

శ్రీశైలమునకు ఎగువన, కృష్ణ ఒడ్డున, తెలంగాణ వైపు ఆమె పేర వెలసిన గుహలు కలవు. యాత్రికులు పాతాళగంగ నుండి పడవలో అచటికి చేరుదురు. లోపలి దారి ఇరుకు, చీకటి. ఒకరి వెనుక ఒకరు, ఒడలు వంచుకొని, చిన్న వెలుగు చేతబట్టుకొని సాగినచో చివర శిలాలింగము దర్శనమిచ్చును.