తూటా మారితే తుపాకీ మారాలి: జాన్ గరాండ్ జీవితం

మన కుటుంబాల్లో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు చాలామందే ఉన్నారు. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో చేరి .303 రైఫిల్ మోసినవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ రైఫిల్‌తో ఒక గుండు పేల్చాక చేత్తో బోల్ట్ వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ గురి చూసుకోవాలి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన జవాన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది అదే.

బోల్ట్ లాగే పని తుపాకీయే చేసుకుని, మీట నొక్కడం ఒక్కటే మనిషికి మిగిలితే దాన్ని సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అంటారు. అలాంటి రైఫిల్‌ను సైన్యం మొత్తానికి ప్రధాన ఆయుధంగా ఇచ్చి రెండో ప్రపంచ యుద్ధంలో దిగిన దేశం అమెరికా. ఆ రైఫిల్ చేసిన మనిషి జాన్ గరాండ్. ఆయన పోయి 50 ఏళ్లు దాటింది. తుపాకీల మీద ఆసక్తి లేనివాళ్లు కూడా తెలుసుకోదగ్గ జీవితం అని ఈసారి ఆయన గురించి రాస్తున్నాం.

గరాండ్ 1888 జనవరి 1న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో సెయింట్ రెమీ దగ్గర ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. 12 మంది పిల్లల్లో ఒకడు. ఇంట్లో మాట్లాడే భాష ఫ్రెంచి. తల్లి పోయాక తండ్రి పిల్లల్ని తీసుకుని సరిహద్దు దాటి అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి వలస వచ్చాడు. అక్కడ జ్యూవెట్ సిటీ అనే ఊళ్లో బట్టల మిల్లు ఉండేది. పిల్లవాడు చదువు మానేసి ఆ మిల్లులో నేల ఊడ్చే పనికి కుదిరాడు. ఇంగ్లీషు నేర్చుకున్నది బడిలో కాదు, అక్కడే.

షోలాపూర్ మిల్లుల్లో పనిచేసిన మన నేతకారుల మనవలకు ఈ మాట కొత్తగా అనిపించదు. ఇంట్లో ఒక భాష, మగ్గం దగ్గర ఇంకో భాష. ఊరి భాషను పనిలోనే నేర్చుకున్న తాతలు మనకూ ఉన్నారు.

నేల ఊడుస్తూనే అతను యంత్రాలు ఎలా తిరుగుతున్నాయో గమనించాడు. క్రమంగా మిల్లులోనే మెషినిస్టు అయ్యాడు. తర్వాత ప్రావిడెన్స్ నగరంలో కొలత పరికరాలు, యంత్ర పనిముట్లు తయారుచేసే బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీలో చేరాడు. అక్కడ అలవడింది వెంట్రుకవాసి తేడాను కూడా సహించని పనితనం. ఖాళీ దొరికితే గురి చూసి కాల్చే సరదా కూడా ఉండేది. ఈ రెండూ కలిసి అతన్ని ఆయుధాల వైపు తీసుకెళ్లాయి.

మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో సైన్యానికి తేలికపాటి మెషిన్ గన్ కావాలని తెలిసి ఒక నమూనా తయారుచేశాడు. అది పూర్తయ్యేసరికి యుద్ధమే ముగిసింది. అయినా పనితనం అధికారుల కంట్లో పడింది. 1919లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఉద్యోగం ఇచ్చారు. అప్పగించిన పని ఒక్కటే: సైనికుడు భుజాన మోయగలిగే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ చేయాలి. ఆ పనికి ఆయనకు 17 ఏళ్లు పట్టింది.

ఎందుకంత కాలం పట్టిందో అర్థం కావాలంటే తూటా గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. తూటా అంటే గుండు ఒక్కటే కాదు. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, మూతి దగ్గర గుండు, ఈ నాలుగూ కలిస్తేనే తూటా. చేత్తో బోల్ట్ లాగే రైఫిల్‌లో మందు కొంచెం అటూఇటూ అయినా పెద్ద ఇబ్బంది లేదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అలా కాదు. అది తూటా ఇచ్చే బలంతోనే తనను తాను నడుపుకుంటుంది. మందు ఎంత వేగంగా కాలుతుంది, ఒత్తిడి ఏ క్షణంలో ఎంత పెరుగుతుంది అన్న లెక్క మీదే యంత్రమంతా ఆధారపడుతుంది.

గరాండ్ మొదట చేసిన రైఫిల్ ప్రైమర్ బలంతో నడిచేది. తూటా పేలినప్పుడు అడుగున ఉన్న ప్రైమర్ రవ్వంత వెనక్కి జరుగుతుంది. ఆ చిన్న కదలికతోనే బోల్ట్ తాళం తెరుచుకునేలా ఏర్పాటు చేశాడు. ఏళ్ల తరబడి దాన్ని సరిదిద్దాడు. ఇంతలో, 1925 ప్రాంతంలో, సైన్యం తూటా మార్చింది. మందు కాలే తీరు మారింది, ప్రైమర్ కదలకుండా బిగించి నొక్కడం మొదలైంది. సైన్యానికి అది మంచి మార్పే, గరాండ్ రైఫిల్‌కు మాత్రం మరణశాసనం. కదలని ప్రైమర్‌తో అది నడవదు.

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గొట్టంలో గుండు వెనక వచ్చే గ్యాసును పట్టి, దానితో ఒక రాడ్‌ను వెనక్కి తోయించి, బోల్ట్‌ను తెరిపించే పద్ధతి తీసుకున్నాడు. అదే సమయంలో జాన్ పెడర్సన్ అనే మరో పేరున్న రూపకర్త కూడా బరిలో ఉన్నాడు. అతను తుపాకీతోపాటు దానికి తగిన తూటాను కూడా తానే రూపొందించాడు. అది .276 అంగుళాల చిన్న తూటా. పాత .30 తూటా కంటే తేలిక, భుజానికి తన్ను తక్కువ. సైన్యం జంతువుల మీద పరీక్షలు చేసి చూసింది. యుద్ధంలో సాధారణంగా కాల్చుకునే దూరాల్లో చిన్న తూటా ఏమీ తీసిపోదని తేలింది.

గరాండ్ తన రైఫిల్‌ను ఆ చిన్న తూటాకు తగ్గట్టు చేసి ఇచ్చాడు. అందులో ఒకేసారి 10 తూటాలు పట్టేవి. 1932 మొదట్లో పరీక్షల సంఘం పెడర్సన్ రైఫిల్‌ను కాదని గరాండ్ రైఫిల్‌నే ఎంచుకుంది. గెలిచాడనుకున్న సమయంలో సైన్యాధిపతి జనరల్ మెకార్థర్ కొత్త తూటాకు ఒప్పుకోలేదు. గిడ్డంగుల నిండా .30 తూటాలున్నాయి, మెషిన్ గన్‌లకూ అవే కావాలి, పైగా దేశం ఆర్థిక మాంద్యంలో ఉంది. రెండు రకాల తూటాలను యుద్ధరంగానికి చేర్చడం ఎంత కష్టమో తెలిసిన అధికారి తీసుకున్న నిర్ణయం అది. ఆ లెక్క తప్పు అనలేం. దాని భారం మాత్రం రైఫిల్ మీద పడింది.

గరాండ్ వాదనకు దిగలేదు. పెద్ద తూటాకు సరిపోయేలా రైఫిల్‌ను మళ్లీ తీర్చిదిద్దాడు. 10 పట్టే చోట 8 మాత్రమే పట్టాయి. 1936 జనవరిలో సైన్యం దాన్ని ఎం1 పేరుతో ఆమోదించింది. బరువు 4.3 కిలోలు.

కథ అక్కడితో ముగియలేదు. అప్పటి తూటాలో 174 గ్రెయిన్ల గుండు ఉండేది, అంటే 11 గ్రాములకు కొంచెం పైన. అది చాలా దూరం పోయేది, గాలికి పెద్దగా చలించేది కాదు. కానీ కాల్పుల మైదానాల హద్దులు దాటి పోతోందని సైన్యం దాన్ని పక్కనపెట్టి, 10 గ్రాములకు కొంచెం తక్కువ ఉన్న తేలిక గుండు తెచ్చింది. గుండు మారితే అది గాల్లో గీసే దారి మారుతుంది, సైటు లెక్క మారుతుంది. రైఫిల్‌లోనూ ఒక లోపం బయటపడింది. మొదట్లో గ్యాసును గొట్టం మూతి దగ్గర టోపీలాంటి భాగంతో పట్టేవారు. అక్కడ మసి పేరుకునేది, ఆ భాగం వదులైతే దాని మీదున్న ముందు సైటు కూడా కదిలేది. సైటు కదిలిన తుపాకీకి గురి ఎక్కడ ఉంటుంది? గరాండ్ గొట్టం అడుగున చిన్న రంధ్రం పెట్టి గ్యాసు తీసుకునేలా మార్చాడు. 1940 నుంచి ఆ పద్ధతిలోనే తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి 40 లక్షలకు పైగా ఎం1 రైఫిళ్లు తయారయ్యాయి.

యుద్ధంలో పొట్టి రైఫిళ్ల అవసరం వచ్చింది. లారీ నడిపేవాళ్లకు, విమానం నుంచి దూకేవాళ్లకు పొడవైన ఎం1 అడ్డంగా ఉండేది. దీనికి సైన్యం ముందే ఒక దారి వెతికింది. వించెస్టర్ కంపెనీ చేసిన చిన్న తూటాతో తేలికైన కార్బైన్ కావాలని 1941లో పోటీ పెట్టింది. గరాండ్ కూడా నమూనా ఇచ్చాడు, కానీ వించెస్టర్ నమూనా గెలిచింది. ఆ కార్బైన్ బరువు 2.4 కిలోలు, గుండు బరువు 7 గ్రాములు. మోయడం సుఖం, దగ్గర్లో గురి బాగానే ఉండేది. తూటా చిన్నది కాబట్టి దూరం పెరిగే కొద్దీ బలం పడిపోయేది.

మరో దారి, ఎం1నే పొట్టిగా చేయడం. 1944లో గరాండ్ 24 అంగుళాల గొట్టాన్ని 18 అంగుళాలకు తగ్గించి, మడిచే పిడి పెట్టి ఒక నమూనా చేశాడు. 300 గజాల దగ్గర గురి బాగానే ఉందని పరీక్షల్లో తేలింది. గొట్టం పొట్టిదైతే గురి పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదట తగ్గేది గుండు వేగం. ఇక్కడ అసలు ఇబ్బంది తూటాతో వచ్చింది. పెద్ద గొట్టం కోసం నింపిన మందు పొట్టి గొట్టంలో పూర్తిగా కాలక మూతి బయట మండింది. మంట, మోత, తన్ను భరించలేనంతగా పెరిగాయి. కాల్చేవాడు ఉలిక్కిపడితే రైఫిల్‌లో ఉన్న గురి చేతిలో ఉండదు. ఆ పొట్టి రైఫిల్ యుద్ధానికి వెళ్లలేదు.

గరాండ్ జీవితం మొత్తంలో మాకు కనిపించిన విషయం ఇదే. గురి తుపాకీలో ఒక్కదానిలో ఉండదు, తూటాలో ఒక్కదానిలో ఉండదు. రెండూ ఒకదానికొకటి కుదిరినప్పుడే ఉంటుంది. ఇప్పటికీ పాత ఎం1లతో పోటీల్లో పాల్గొనేవాళ్లు బజారులో దొరికే ప్రతి .30 తూటానూ అందులో పెట్టరు. బరువైన గుండు, నెమ్మదిగా కాలే మందు ఉన్న తూటా వాడితే గ్యాసు ఒత్తిడికి రాడ్ వంగిపోతుంది.

తర్వాతి కాలం 1932 నాటి ప్రశ్నను మళ్లీ తెరిచింది. 1957లో అమెరికా ఆమోదించిన ఎం14, గరాండ్ పనికి కొనసాగింపే, తూటా 7.62 మి.మీ.ది. పదేళ్లు గడిచేలోపే దాని స్థానంలో 5.56 మి.మీ. చిన్న తూటాతో నడిచే తేలిక రైఫిల్ వచ్చింది. మన దేశంలోనూ అదే దారి. .303 పోయి ఇషాపూర్‌లో తయారైన 7.62 ఎస్.ఎల్.ఆర్. వచ్చింది, తర్వాత 5.56 ఇన్సాస్ వచ్చింది, ఈమధ్య మళ్లీ 7.62 రైఫిళ్లు కొన్నారు. తిరుచ్చిలో రైఫిళ్ల కర్మాగారం ఉంది, పుణె పక్కన ఖడ్కీలో తూటాల కర్మాగారం ఉంది. ఒకచోట చేసినది ఇంకోచోట చేసినదానితో కుదరాలి. ఆ కుదురుబాటు కోసం లెక్కలు వేసేవాళ్ల పేర్లు మనకు తెలియవు.

గరాండ్ పేరు మాత్రం మిగిలింది, డబ్బు మిగలలేదు. తన పేటెంట్ హక్కులను ప్రభుత్వానికి రాసిచ్చేశాడు. లక్షల్లో తయారైన రైఫిల్ మీద ఒక్క సెంటు రాయల్టీ రాలేదు. ఆయనకు లక్ష డాలర్లు ఇవ్వాలని పార్లమెంటులో బిల్లు పెట్టారు కానీ అది నెగ్గలేదు. పతకాలు వచ్చాయి. జీతం మీదే బతికి 1953లో పదవీ విరమణ చేశాడు. 1974 ఫిబ్రవరి 16న స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కన్నుమూశాడు. ఆ కర్మాగారం 1968లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం.

ఆయుధాన్ని పొగడడం మా ఉద్దేశం కాదు. అది ఎవరి ప్రాణం తీయడానికి తయారైందో మాకు తెలుసు. అయితే పరాయి భాషలో పని నేర్చుకుని, తన చేతిలో లేని నిర్ణయాలు వచ్చినప్పుడల్లా అలిగి కూర్చోకుండా మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లిన ఆ పనివాడిని మనం గుర్తుపట్టగలం. మన ఇళ్లలో అలాంటి మెషినిస్టులు, ఫిట్టర్లు, నేతకారులు ఉన్నారు. ఈ ఆదివారం పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టి, వాళ్లు చేసిన పనేమిటో, అందులో ఎన్నిసార్లు మొదటికి రావాల్సి వచ్చిందో అడిగించండి.