క్నూడ్ రాస్ముస్సెన్

డెన్మార్కు దేశమునకు రాజధాని కోపెన్‌హేగన్ నగరము. అచ్చటి జాతీయ వస్తుప్రదర్శనశాలలో కొన్ని వింత దుస్తులు కలవు. అవి నూలువి కావు, పట్టువి కావు. దుప్పి తోలుతోను, సీలు అను సముద్రజంతువు తోలుతోను కుట్టినవి. అట్టి తోలు చొక్కాలనే తొడిగికొన్న చిన్న చిన్న బొమ్మలును కలవు. వాల్రసు కోరలనుండి చెక్కిన పక్షులు, ఎలుగుబంట్లు, తిమింగిలములు బొటనవ్రేలంత పరిమాణమున నున్నవి. ఇవి యన్నియు ఉత్తరధ్రువ సమీపమున మంచునేలలపై నివసించు ఇన్యూట్ జనులవి. పరులు వీరిని పూర్వము ఎస్కిమోలని పిలిచెడివారు. ఇన్యూట్ అనగా వారి భాషలో మనుష్యులని యర్థము. ఈ వస్తువులలో పెక్కింటిని సేకరించి తెచ్చినవాడు క్నూడ్ రాస్ముస్సెన్.

ఆయన 1879వ సంవత్సరము జూన్ 7వ తేదీన గ్రీన్‌లాండు పడమటి తీరమున, నేడు ఇలులిస్సాట్ అని పిలువబడు గ్రామమున జన్మించెను. తండ్రి డెన్మార్కు దేశీయుడగు క్రైస్తవ మతబోధకుడు. తల్లి గ్రీన్‌లాండున పుట్టి పెరిగినది. ఆమె నరములలో ఇన్యూట్ రక్తము కొంత ప్రవహించుచుండెను. బాలుడు ఇంట డేనిష్ భాషను, వీధిలో తోడి పిల్లలతో ఇన్యూట్ భాషను మాటలాడుచు పెరిగెను. కుక్కలబండి తోలుట పసితనముననే యలవడెను. ఈ రెండు భాషలే ముందు ముందు ఆయన యావజ్జీవ కృషికి పెట్టుబడి యయ్యెను.

పండ్రెండేండ్ల ప్రాయమున ఆయనను చదువునకై డెన్మార్కు పంపిరి. యౌవనమున నటుడు కావలెనని, గాయకుడు కావలెనని ప్రయత్నించి విఫలుడయ్యెను. ఆ వైఫల్యము మేలే చేసినదని చెప్పవలెను. 1902వ సంవత్సరమున కొందరు మిత్రులతో గూడి ఆయన మరల గ్రీన్‌లాండునకు పోయెను. అందు ఉత్తరపు కొననున్న ధ్రువప్రాంత ఇన్యూట్‌లతో కలిసి నివసించి, వారి కథలను విని వ్రాసికొనెను. 1910వ సంవత్సరమున మిత్రుడగు పీటర్ ఫ్రాయికెన్‌తో కలిసి అచ్చట ఒక వర్తకశాల స్థాపించి, దానికి థూలె అని పేరిడెను. ప్రాచీన గ్రీకులు లోకమునకు కడపటి ఉత్తరసీమను ఆ పేరుతో పిలిచెడివారు. నక్కతోళ్ల వర్తకమున వచ్చిన లాభము ఆయన యాత్రల ఖర్చునకు ఉపకరించెను. అందుచేతనే ఆ యాత్రలకు థూలె యాత్రలని పేరు కలిగెను.

ఆ సీమలో దుస్తు లేనివాడు ఒక్క రాత్రియైన బ్రదుకజాలడు. ఇన్యూట్ స్త్రీలు కుట్టు దుస్తులు రెండు పొరలుగ నుండును. లోపలి చొక్కా వెండ్రుకలు ఒంటి వైపునకును, పైచొక్కా వెండ్రుకలు వెలుపలి వైపునకును ఉండును. కారిబూ అను మంచునాటి దుప్పి రోమములు లోపల బోలుగా నుండి గాలిని నిలుపుకొనుటచే వెచ్చదనము పోదు. చొక్కాలకు శరత్కాలమున వేటాడిన దుప్పి తోళ్లే శ్రేష్ఠములు. స్త్రీలు తోలును గీకి, పండ్లతో నమిలి మెత్తపరచి, దుప్పి వెన్ను నరములను దారముగా చీల్చి కుట్టుదురు. తడియందు నడుచుటకై సీలు తోలు జోళ్లు కుట్టునపుడు సూదిని తోలు మందములో సగమువరకే పోనిత్తురు. రంధ్రము ఆవలికి పోదు గనుక చుక్క నీరైన లోనికి దిగదు! తల్లి చొక్కా వీపున పెద్ద సంచివంటి భాగముండును. అందు పసిబిడ్డ వెచ్చగా నిద్రించును. బాలికలు ఈ విద్యనంతటిని ముందు బొమ్మలకు చొక్కాలు కుట్టి నేర్చుకొందురు. ప్రదర్శనశాలలోని బొమ్మలను కేవలము ఆటవస్తువు లనుకొనుట పొరపాటు. అవి యొక విధముగా బాలికల పలకలు.

రాస్ముస్సెన్ యాత్రలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1921 నుండి 1924 వరకు జరిగిన ఐదవ థూలె యాత్ర. గ్రీన్‌లాండు మొదలు అలాస్కా వరకు చెదరియున్న ఇన్యూట్ జనులందరు ఒకే జాతివారని చూపుట ఆయన సంకల్పము. పురావస్తు శాస్త్రజ్ఞుడగు థెర్కెల్ మాథియాసెన్, మానవజాతుల శాస్త్రమున పండితుడగు కాయ్ బిర్కెట్-స్మిత్ వెంట నుండిరి. వారితోపాటు థూలెనుండి ఇన్యూట్ దంపతులు కొందరు బయలుదేరిరి. అందు ఆర్నరులుంగువాక్ అను యువతి భర్త, యాత్ర ఆరంభముననే విషజ్వరమునకు బలియయ్యెను. ఆమె వెనుకకు మరలలేదు.

యాత్రికులు కెనడా ఉత్తరభాగమున ఒక చిన్న దీవిలో విడిది చేసిరి. మాథియాసెన్ సమీపమున పాత యిండ్ల శిథిలములను త్రవ్వెను. నేటి ఇన్యూట్‌ల పూర్వులు ఇంచుమించు వేయి సంవత్సరముల క్రిందట అలాస్కా వైపునుండి తూర్పునకు వ్యాపించిరని అట్టి త్రవ్వకములవలన తేలినది. ఆ ప్రాచీన సంస్కృతికి పండితులు థూలె యను పేరే పెట్టిరి.

రాస్ముస్సెన్ మాత్రము బ్రదికియున్నవారి మంచుయిండ్లకే పోయెను. దుబాసి యవసరము లేదు. ఇగ్లూలిక్ తెగవారి మంత్రవేత్త యగు ఆవాతో ఆయనకు మైత్రి కుదిరెను. సముద్రవేట కాలమున దుప్పితోలు కుట్టరాదను నియమము వారికి కలదు. ఇట్టి నియమములకు కారణమేమని రాస్ముస్సెన్ పదే పదే యడుగగా, ఆవా యొకనాడు ఆయనను వెలుపలికి కొనిపోయి మంచుతుపానును, వట్టిచేతులతో మరలివచ్చు వేటగాండ్రను, దీపము సరిగా వెలుగని చలియింటిని, రోగముతో మూలుగుచున్న తన సోదరిని చూపి, ఇవి యేల కలుగుచున్నవని తిరిగి ప్రశ్నించెను. రాస్ముస్సెన్ బదులు చెప్పలేకపోయెను. తమ నియమములకును అట్లే కారణము చెప్పజాలమనియు, పూర్వుల యనుభవమును నమ్మి నడుచుకొనుచున్నామనియు ఆవా తెలిపెను. ఈ సంభాషణమును రాస్ముస్సెన్ తన పరాజయముగానే దాచక వ్రాసికొనెను.

1923వ సంవత్సరము మార్చి నెలలో ఆయన ఆర్నరులుంగువాక్‌తోను, కావిగార్సువాక్ అను యువకునితోను కుక్కలబండ్లపై పడమటి దిక్కునకు సాగెను. కావిగార్సువాక్ వేటాడెను; ఆర్నరులుంగువాక్ వండెను, కుట్టెను. దారిలో చినిగిన ప్రతి చొక్కాయు, చీలిన ప్రతి జోడును ఆమె సూది మొననే బాగుపడెను. ఆమె లేనిచో పురుషుల పౌరుషము ఎంతదూరము సాగియుండునో ఊహింపవచ్చును.

దారిలో నెట్సిలిక్ తెగవారి నడుమ ఆయన కొన్నాళ్లు వసించెను. వారు చొక్కాలపై పక్షి ముక్కులు, జంతువుల పండ్లు, గోళ్లు మొదలగు రక్షలను కుట్టుకొందురు. వానివలన బలము, వేగము, వేటలో అదృష్టము కలుగునని నమ్మకము. ఒక చిన్న బాలుని దుస్తులపై 80 రక్షలుండుట రాస్ముస్సెన్ చూచెను. పాప మా బాలునికి పరుగెత్తి యాడుకొనుటకైన వీలు లేకుండెను. ఆ రక్షలను ఆయన ప్రదర్శనశాలకై కోరెను. ప్రాణరక్షణమును పరదేశి కమ్ముటకు వారు జంకిరి. అపుడాయన వారి నమ్మకమునే ఆధారముగ గొని వాదించెను: రక్ష పోయినను దాని శక్తి యజమానుని విడువదని వారే చెప్పుదురు గదా, అట్లయిన ఇచ్చినవారికి నష్టమేమి? ఆ నేలలో లోహము బంగారముకంటె నరుదు. సూదులు, కత్తులు చూచి పలువురు మనసు మార్చుకొని రక్షలను విప్పి యిచ్చిరి. ఇది న్యాయమైన బేరమేనా? ఆయన వారిని మోసగింపలేదు. వారి మతమునే వారికి చెప్పెను. అయినను సూది యవసరమైనవాడు ఆ వాదమునకు ఎంతవరకు స్వేచ్ఛగా లొంగెనో ఆలోచింపవలసినదే. రాస్ముస్సెన్ ఈ కథను కప్పిపుచ్చక గ్రంథమున కెక్కించుట మెచ్చదగినది.

ఆయన త్వరకు హేతువు లేకపోలేదు. తుపాకులు, ఉన్నిబట్టలు, ఇనుప సామానులు వర్తకుల వెంట ఏటేట ఉత్తరమునకు వచ్చుచుండెను. పాతపద్ధతులు తన కన్నులయెదుటనే కరగిపోవునని ఆయన భయపడెను.

1924వ సంవత్సరమున ఆ ముగ్గురు అలాస్కా చేరిరి. అంతదూరము సాగినను ఆయన మాటలాడు గ్రీన్‌లాండు భాష చాలవరకు జనులకు తెలిసినది. ఆవలి తీరమగు సైబీరియాలో కాలిడెను గాని, అనుమతిపత్రము లేనందున అచ్చటి అధికారులు వెంటనే మరలించిరి. యాత్రవలన ఇంచుమించు 20,000 వస్తువులు కోపెన్‌హేగన్ చేరినవి. పండితులు వ్రాసిన వివరములు పది సంపుటములుగ వెలువడినవి. ఏ చొక్కా యెవరిదో, ఏ పాట యెవరు పాడిరో తెలిపిన యా పుటలు లేకున్న, బీరువాలోని తోళ్లు మూగవై యుండెడివి.

1933వ సంవత్సరమున ఏడవ థూలె యాత్రలో గ్రీన్‌లాండు తూర్పుతీరమున ఆయన చెడిన మాంసము తిని జబ్బుపడెను. దానిపై ఊపిరితిత్తుల జ్వరము తగిలెను. ఆ డిసెంబరు 21వ తేదీన డెన్మార్కులో కన్నుమూసెను. అప్పటికాయన వయస్సు 54 సంవత్సరములు. ఆర్నరులుంగువాక్‌ యును ఆ యేడే మరణించెను.

సేకరించిన వస్తువులు మాత్రము మిగిలినవి. అవి యెచ్చట నుండవలెనను ప్రశ్నయు మిగిలినది. 1982 నుండి 2001 వరకు డెన్మార్కువారు తమ యొద్దనున్న గ్రీన్‌లాండు వస్తువులలో సుమారు 35,000 గ్రీన్‌లాండు రాజధాని యగు నూక్ నగరపు ప్రదర్శనశాలకు తిరిగి యిచ్చిరి. కెనడా ఇన్యూట్‌లనుండి ఐదవ యాత్రలో తెచ్చినవి చాలవరకు కోపెన్‌హేగన్‌లోనే యున్నవి. పాత తోలు దుస్తుల ఛాయాచిత్రములను, కత్తిరింపు కొలతలను ప్రదర్శనశాలవారు ఇంటర్నెట్టులో ఎల్లరకు తెరచి యుంచిరి. మంచుసీమలో నేడు తోలు కుట్టెడి స్త్రీలు వానిని ముందుంచుకొని, ముత్తవ్వల కాలపు కుట్టు ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో వ్రేలితో గుర్తింపవచ్చును.