రైతు తరఫున బేరమాడిన ఆచార్యుడు

ఆచార్య ఎన్.జి. రంగా గారనగానే మనలో చాలామందికి వ్యవసాయ విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది. కాస్త పెద్దవారికైతే 1959లో రాజాజీతో కలిసి పెట్టిన స్వతంత్ర పార్టీ గుర్తుంటుంది. ఆయన జీవితంలో మరో పాయ ఉంది. దేశాలు కూర్చుని సుంకాలు, ధరలు తేల్చుకునే చోట పంట పండించేవాడి మాట కూడా వినపడాలన్న పట్టుదల అది. కెనడాలో ఉంటున్న మనకు ఈ కథ కొంత దగ్గరిది, ఎందుకంటే దీనికి మూలం ఒట్టావాలోనే ఉంది.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. డెల్టా గ్రామాల్లో తిరిగి రైతుల రాబడి, ఖర్చులు లెక్కగట్టి పుస్తకం రాశారు. 1930లో ధరలు కుప్పకూలాయి. పంట అమ్మినా శిస్తు కట్టలేని రోజులవి. ఆ ఏడాదే ఆయన స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి, ఊరి కుర్రాళ్లకు శిస్తు లెక్కలు, చట్టాలు, సభలో మాట్లాడే తీరు నేర్పించారు. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలో పెద్దది ఇదే.

1932 జూలై, ఆగస్టు నెలల్లో ఒట్టావాలో బ్రిటిష్ సామ్రాజ్య ఆర్థిక సదస్సు జరిగింది. భారతదేశం తరఫున వచ్చినవారిని ఎంపిక చేసింది మన ప్రజలు కాదు, బ్రిటిష్ ప్రభుత్వం. బ్రిటన్ సరుకులకు మన దేశంలో సుంకం తగ్గించాలి, బదులుగా మన నూనెగింజలు, పొగాకు వంటివాటికి అక్కడ రాయితీ ఇస్తారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ మన వేరుశనగకు పెద్ద గిరాకీ ఫ్రాన్స్, జర్మనీల్లో ఉండేది. బ్రిటన్‌కు వాటా ఇస్తే ఆ దేశాలు కినుక వహిస్తాయేమోనన్న భయం ఉండేది. గుంటూరు పొగాకు రైతుకు మాత్రం లండన్ బజారు అవసరమే. అంటే అందరికీ ఒకే లాభం, ఒకే నష్టం కాదు. అందుకే ఎవరు మాట్లాడుతున్నారన్నది ముఖ్యమైంది.

1934 ఎన్నికల తర్వాత రంగా గారు గుంటూరు, నెల్లూరు ప్రాంతం నుంచి కేంద్ర శాసనసభలో కాంగ్రెస్ సభ్యులుగా ఉన్నారు. 1936 మార్చి 30న ఆ సభ ఒట్టావా ఒప్పందాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. రెండు వారాలైనా గడవకముందే లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. స్వామి సహజానంద అధ్యక్షులు, రంగా గారు ప్రధాన కార్యదర్శి. కొత్త ఒప్పందం చర్చలకు ప్రభుత్వం అనధికార సలహాదారులను పిలిచింది. వారిలో బిర్లా, కస్తూర్‌భాయి లాల్‌భాయి వంటి మిల్లుల పెద్దలు ముందు వరుసలో ఉన్నారు. 1939లో కుదిరిన ఆ ఒప్పందాన్ని కూడా సభ తిరస్కరించింది. అయినా ప్రభుత్వం అమలు చేసేసింది! ఓట్లు గెలిచినా పని జరగదని ఆ తరానికి అలా తెలిసివచ్చింది.

యుద్ధం తర్వాత ఆయన చూపు దేశం ఎల్లలు దాటింది. 1945 అక్టోబరులో మన క్యూబెక్ నగరంలోనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పుట్టింది. మరుసటి ఏడు కోపెన్‌హాగన్‌లో జరిగిన దాని సభకు రంగా గారు ప్రతినిధిగా వెళ్లారు. ధాన్యం నిల్వలు పెట్టి ధరలను నిలకడగా ఉంచే ప్రపంచ ఆహార మండలి కావాలని జాన్ బాయిడ్ ఆర్ అక్కడ ప్రతిపాదించారు. అమెరికా, బ్రిటన్ ఒప్పుకోలేదు, అది అటకెక్కింది. 1946లోనే లండన్‌లో అంతర్జాతీయ వ్యవసాయోత్పత్తిదారుల సమాఖ్య ఏర్పడింది. దాని వ్యవస్థాపకుల్లో రంగా గారిని ఒకరిగా చెబుతారు. ప్రభుత్వాలతో పనిలేకుండా రైతు సంఘాలే సొంతంగా పెట్టుకున్న వేదిక అది. ఐక్యరాజ్యసమితిలో సలహా హోదా కూడా సంపాదించింది. కెనడా రైతు నాయకుడు హెచ్.హెచ్. హన్నమ్ దానికి అధ్యక్షులుగా పనిచేశారు. 1952లో కామన్‌వెల్త్ పార్లమెంటరీ సదస్సుకు రంగా గారు ఒట్టావా వచ్చారు. ఇరవై ఏళ్ల కిందట అడగకుండా మన తలరాత రాసిన ఊరికి స్వతంత్ర దేశపు ప్రతినిధిగా రావడం ఆయనకు ఎలా అనిపించి ఉంటుందో!

సహకార సేద్యాన్ని వ్యతిరేకించినందుకు ఆయన్ను పెద్ద రైతుల పక్షపాతి అన్నవారున్నారు. కూలీల సంగతి ఆయన లెక్కల్లో వెనకబడిందన్న విమర్శలో కొంత నిజముందని నేనూ అనుకుంటాను. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 జనవరి 1న మొదలైంది. ఆ ఏడాది జూన్ 9న రంగా గారు కన్నుమూశారు.

2017లో భారత ప్రభుత్వం బఠానీ, మైసూరు పప్పులపై సుంకం పెంచితే సస్కాచివాన్ రైతులు గగ్గోలు పెట్టారు, అక్కడి మన రైతులు ఊపిరి పీల్చుకున్నారు. 2025 జూన్‌లో కెనడా పార్లమెంటు పాలు, గుడ్లు, కోళ్ల రైతుల కోటాలను వాణిజ్య చర్చల్లో తాకరాదని చట్టమే చేసింది. దాని వెనక ఏళ్ల తరబడి పట్టు వదలని రైతు సంఘాలున్నాయి.