కూలి ముందు, బాప్తిస్మము తరువాత

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1866లో ఒంగోలు చేరారు. అంతకుముందు సర్వేయరు పని నేర్చినవారు. 1876–78 కరువులో ఆ విద్యే అక్కరకు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి తవ్వకం పని, కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలు. పని ఆపిన వేళ గట్టుమీదే కూర్చోబెట్టి సువార్త చెప్పేవారు.

చాలామంది బాప్తిస్మము అడిగారు. క్లౌ గారు ఒప్పుకోలేదు. గంజి కోసమా, క్రీస్తు కోసమా అన్నది తేలాలి కదా! గంజికి మతం మారారన్న నిందకు ఇంతకంటే మంచి జవాబు మాకు తెలియదు.

కరువు సాయం ఆగిపోయింది. అయినా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చింది అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి. ప్రభువు దీవించిన తీరు అది.

పొందినవారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవారు. ఆ పల్లెల్లో ఈ మాట మొదట మోసుకెళ్లినది 1866లో బాప్తిస్మము పొందిన తోళ్ల వర్తకుడు యర్రగుంట్ల పేరయ్య గారు. చుట్టాల ఊళ్లన్నీ తిరిగి చెప్పారాయన. క్లౌ గారి పేరు తలచుకునే మన సంఘాల్లో పేరయ్య గారి పేరు కూడా తలచుకోవాలని మా మనవి.