తాళ్ళపాక తాతయ్య: సంసారంలో ఉండి స్వామిని పాడిన అన్నమయ్య

 

అన్నమయ్య అనగానే మనకి భుజాన తంబురా, నోట గోవింద నామం గుర్తొస్తాయి. ఈసారి వీడియోలో ఆయన పాటల గురించి చెప్పాను. ఇక్కడ మాత్రం ఆయన ఇంటి గురించి రాస్తున్నాను. ఆయన భర్త, తండ్రి, తాత కూడా కదండీ. ఆ ఇల్లే లేకపోతే ఆ పాటలు మనదాకా వచ్చేవి కావని నా నమ్మకం.

ఆయన 1408లో రాజంపేట దగ్గర తాళ్ళపాకలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు పుట్టారు. ఉమ్మడి కుటుంబం, ఇంటెడు పని. ఒకరోజు గడ్డి కోస్తుంటే కొడవలి వేలికి తెగిందట. అంతే, అన్నీ వదిలేసి తిరుమల వెళ్ళే యాత్రికుల గుంపులో కలిసిపోయాడు ఆ పిల్లవాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర సొమ్మసిల్లి పడిపోతే అలమేలుమంగమ్మే కనిపించి ప్రసాదం పెట్టి ఆదుకుందని వాళ్ళింటి చరిత్ర చెబుతుంది.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. ఇల్లు వదిలి కొండెక్కినవాడు సన్యాసి కావచ్చు. కానీ ఆయన కాలేదు. ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు, పెళ్ళయింది. తిమ్మక్క, అక్కలమ్మ ఆయన భార్యలు. తిమ్మక్కనే తిరుమలమ్మ అని కూడా అంటారు. ఆమె సుభద్రా కల్యాణం రాసింది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చాలామంది చెబుతారు. ఆరు వందల ఏళ్ళ కిందటి ఇల్లాలు కావ్యం రాసిందంటే, ఆ ఇంట్లో ఆడవాళ్ళ మాటకి ఎంత విలువ ఉండేదో ఊహించుకోండి.

చంద్రగిరి నుంచి ఏలిన సాళువ నరసింహరాయలు ఆయన్ని ఎంతో ఆదరించాడు. తర్వాత తన మీద పాట కట్టమంటే అన్నమయ్య కాదన్నారు, దానికి సంకెళ్ళు వేయించాడు అంటారు. పెళ్ళాం పిల్లలున్న మనిషి రాజుతో కాదని చెప్పడం చిన్న విషయమా? తన ఒక్కడి ప్రాణమైతే సరే, వెనకాల ఇల్లంతా ఉంది. అయినా స్వామి కోసం ఉన్న నోటితో ఇంకొకరిని పొగడలేదు.

ఆయన కీర్తనలు 32,000 అని చెప్పుకుంటారు. 1503లో, ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు స్వామిలో ఐక్యమయ్యారు. ఆ తర్వాత భారమంతా కొడుకు పెద తిరుమలాచార్యుల మీద పడింది. ఆయన తానూ కీర్తనలు రాశారు. అంతకన్నా పెద్ద పని, నాన్నగారి పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. తాటాకు అయితే చెదలు తినేది. రాగి అంటే మరి ఎంత ఖర్చు, ఎంతమంది పనివాళ్ళు! ఒకటి రెండు కాదు, రెండు వేలకు పైగా రేకులు.

మనవలూ ఊరుకోలేదు. చిన్నన్న ద్విపదలో తాతగారి జీవితం రాశాడు. ఈరోజు మనం చెప్పుకునే కథల్లో చాలా భాగం ఆ మనవడు చెప్పినవే. తాత సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని ఇంకో మనవడు చిన తిరుమలాచార్యులు తెలుగులోకి తెచ్చాడు.

ఆ రేకులు తిరుమల గుడిలోనే, హుండీకి దగ్గర్లో ఉన్న సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలపాటు మౌనంగా ఉండిపోయాయి. 1922 ప్రాంతంలో బయటపడ్డాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు వాటిని చదివి, పరిష్కరించి, జనానికి అందించారు. దొరికినవి చెప్పుకునే లెక్కలో సగం కూడా లేవు. పోయినవి ఎన్నో, ఎంత మంచివో!

స్వామి కల్యాణోత్సవంలో తాళ్ళపాక వంశంవారు కన్యాదాతలుగా నిలిచే సంప్రదాయం ఉంది. అంటే అమ్మవారికి పుట్టింటివాళ్ళన్నమాట. తండ్రిగా బతికిన భక్తుడికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది చెప్పండి?

నాది ఒక్కటే మనవి. మీ ఇంట్లో నాయనమ్మో, తాతయ్యో పొద్దున్నే పాడుకునే పాట ఒకటి ఉంటుంది. ఏ పుస్తకంలోనూ ఉండదది. రాగిరేకులు అక్కర్లేదు, చేతిలో ఫోన్ ఉంది. ఈ శనివారమే పక్కన కూర్చుని పాడించుకుని రికార్డు చేయండి. ఆ పాట మీ మనవలకి చేరాలి.

గోవిందా గోవింద.